పత్తర్‌గట్టి ముత్యాలు, నిజామియా చుక్కలు

మొన్న పత్తర్‌గట్టిలో ముత్యాల కొట్టుకెళ్తే, కొట్టతను ఒక్కో ముత్యాన్నీ పరికించి సైజులవారీగా ఏరుతున్నాడు. ఠక్కున నిజామియా అబ్జర్వేటరీ గుర్తొచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో దాన్ని పెట్టింది ఈ పాతబస్తీలోనే, ఫిసల్‌బండలో. తర్వాత బేగంపేటకి మారింది.

ఆకాశమంతా ఫొటోలు తీసి నక్షత్రాల జాబితా చేద్దామని 1887లో పారిస్‌లో తీర్మానించారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఇరవై దాకా అబ్జర్వేటరీలకి పంచేశారు. మన గ్రిడ్ కంప్యూటింగే అనుకోండి! ఖగోళ మధ్యరేఖకి దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ చిలీలోని శాంటియాగోది. వాళ్ళు చెయ్యలేకపోతే అది హైదరాబాదు నెత్తిన పడింది. ఫెయిలోవరన్నమాట :)

ఫొటోలకి ప్లాను బాగానే వేశారు గానీ, కొలిచేదెవరు? ప్రతి చుక్కనీ మైక్రోస్కోపులో చూసి ఎక్స్, వై రాసుకోవాలి. అప్పట్లో కంప్యూటరంటే మనిషే కదా. వాటికన్ ఆ పనికి నలుగురు నన్‌లను కూర్చోబెట్టింది. హైదరాబాదు వాటా ఏడున్నర లక్షల పైమాటే. 1918 తర్వాత టి.పి.భాస్కరన్ హయాంలోనూ ఏళ్ళ తరబడి సాగింది. పదిహేనేళ్ళలో అయిపోతుందనుకున్న మొత్తం ప్రాజెక్టు 1960ల దాకా ఈడ్చింది. ఇది మన ఎస్టిమేషన్లలాగే ఉందంటారా?

సెర్న్ వాళ్ళు మాత్రం 2008లో ఎల్‌హెచ్‌సి తిరగడానికి ఆరేళ్ళ ముందే, 2002లో, దాని కంప్యూటింగ్ గ్రిడ్ పని మొదలెట్టారు.

అన్నట్టు, 2000లో వచ్చిన టైకో-2 జాబితాలో నక్షత్రాల కదలికలు లెక్కగట్టడానికి ఈ పాత కొలతలే వాడారు.