చెట్టు మీద చెట్టును నాటే పిట్ట

మీరు భిలాయిలోని పవర్ హౌస్ స్టేషన్‌లో రైలు దిగి టౌన్‌షిప్ వైపు నడిచేటప్పుడు, దారిలో కనిపించే మామిడి చెట్లను ఒకసారి తలెత్తి చూడండి. ఏదో ఒక కొమ్మ మీద మామిడివి కాని ఆకుల గుబురు కనిపించవచ్చు. ఉక్కు కర్మాగారం పనులకు వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారు దాన్ని 'బదనిక' అంటారు. హిందీలో అది 'బాందా'. నేలలో వేరు లేని ఈ మొక్కను అంత ఎత్తున ఎవరు నాటారు?

ఇది చాలా పాత ప్రశ్న. అమరకోశంలో బదనికకు 'వృక్షరుహ', 'వృక్షాదని' అనే పేర్లున్నాయి. మొదటిదానికి చెట్టుపై మొలిచేది అని, రెండవదానికి చెట్టును తినేది అని అర్థం. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, ఇటువంటి మొక్కల విత్తనాలు పక్షి కడుపులో పక్వమైతేనే మొలుస్తాయని రాశాడు. 1859లో డార్విన్ తన 'జాతుల ఉత్పత్తి' గ్రంథంలో, ఈ మొక్క విత్తన వ్యాప్తికి పక్షుల మీద ఆధారపడుతుందని చెప్పాడు. అయితే మన దేశంలో ఆ పని చేసే పక్షి ఏది?

1930లో జర్మనీ నుంచి తిరిగి వచ్చిన సలీం అలీకి బొంబాయిలో ఉద్యోగం లేకపోయింది. ఆయన కొంకణ్ తీరంలోని కిహీం గ్రామంలో ఉంటూ పక్షులను గమనించాడు. కొంకణ్‌లో బదనిక వ్యాప్తిపై ఆయన వ్యాసం 1931లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడింది. అందులో రెండు రకాల పక్షుల పాత్ర ఉంది. బదనిక పూలలో తేనె తాగుతూ పుప్పొడిని చేరవేసేవి తేనెపిట్టలు. పండ్లు తిని విత్తనాలు నాటేవి ఫ్లవర్‌పెకర్లు. వీటినే హిందీలో 'ఫూల్‌చుహీ' అంటారు.

లేత రంగు ముక్కున్న ఫ్లవర్‌పెకర్ పొడవు సుమారు 8 సెంటీమీటర్లే. మన దేశపు అతి చిన్న పక్షులలో ఇదొకటి. అడవులలోనూ తోటలలోనూ 'చిక్ చిక్' మంటూ కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంది. బదనిక పండును ఇది చాలాసార్లు అలాగే మింగేస్తుంది. ఈ జాతి పక్షులు కొన్నింటిలో కండరాల జీర్ణాశయం ఆహార మార్గానికి పక్కన సంచిలా ఉంటుంది. పురుగులు అందులోకి వెళ్తాయి. పండు దాన్ని తప్పించుకుని నేరుగా పేగులోకి జారుతుంది. అందుకే కొద్ది నిమిషాలలోనే విత్తనం చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. దాని చుట్టూ జిగురు ఉండడం వల్ల పక్షి తన వెనుక భాగాన్ని కొమ్మకు రాస్తుంది. విత్తనం అక్కడే అంటుకుంటుంది.

ఇక్కడ ప్లినీ పొరబడ్డాడు. పక్షి కడుపు తప్పనిసరి కాదు. పండు తొక్క తొలగిపోతే చాలు, విత్తనం మొలుస్తుంది. మీరు కూడా ఒక పండు తొక్క తీసి విత్తనాన్ని గాజు పలక మీద అంటించి చూడండి. మొలక వస్తుంది గానీ ఆధారం దొరకక ఎండిపోతుంది. పరీక్ష పేరుతో దాన్ని ఏ మామిడి కొమ్మకూ అంటించకండి!

1955లో భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య ఒప్పందం కుదిరి, 1959లో భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైంది. కొలిమి చుట్టూ క్వార్టర్లు, క్వార్టర్ల చుట్టూ చెట్లు పెరిగాయి. 300కు పైగా జాతుల చెట్ల మీద బతకగల బదనికకు ఊరైనా అడవైనా ఒక్కటే. అది ఉన్నచోట ఈ పిట్టకు తిండికి లోటు లేదు.

మరి ఈ పిట్ట మనకు శత్రువా? బదనిక తన ఆకులతో తానే ఆహారం తయారుచేసుకున్నా, నీటినీ లవణాలనూ చెట్టు నుంచి పీల్చుకుంటుంది. గుబుర్లు ఎక్కువైతే మామిడి కాపు తగ్గుతుంది, కొమ్మలు ఎండుతాయి. పెరటి మామిడిని నమ్ముకున్నవారి బాధ నిజమైనదే. కాని మరోవైపు కూడా చూడాలి. ఆస్ట్రేలియాలో కొన్ని వనాల నుంచి ఈ కుటుంబపు మొక్కలను పూర్తిగా తీసివేశారు. మూడేళ్ళలో అక్కడ పక్షి జాతులు దాదాపు ఐదోవంతు తగ్గాయని 2012లో ప్రచురితమైన పరిశోధన చూపింది.

కాబట్టి పెరటి మామిడి మీది బదనికను పండ్లు పండకముందే, అది పట్టుకున్న కొమ్మ ముక్కతో సహా కోయించండి. దారి పక్క పెద్ద చెట్టు మీద ఒకటి రెండు గుబుర్లుంటే ఉండనివ్వండి. వాటి కింద కాసేపు నిలబడితే 'చిక్ చిక్' మనే ఆ తోటమాలి మీకు కనిపించవచ్చు.