షష్ఠియా, సప్తమియా? దిండిగల్ సంఘములును నిర్వాచిత మతాధ్యక్షతయు

దిండిగల్ కోటకొండ చుట్టును, వత్తలగుండు, వేడసందూరు ప్రాంతములయందును, శతాబ్దుల నుండి ఇంట తెలుగు మాటాడుచు వెలుపల అరవము వ్రాయుచు బ్రదుకుచున్న కుటుంబములలో నాయకత్వమనునది జన్మముచేత సంక్రమించినదే గాని ఒకడు కోరి, పదుగురు సమ్మతించి ఇచ్చినది కాదు. మదుర నాయకరాజుల నాటి 72 పాళెములు తండ్రి నుండి కొడుకునకు వచ్చినవి. అయినను పెద్ద యొక్కడే కూర్చుండి తీర్పు చెప్పు నాచారము వారిలోని కంబళపు నాయకులలో లేదు. కులసభ కూడునప్పుడు నేలపై కంబళి పఱచి, దానిమీద నీరు నింపిన ఇత్తడి కలశము నుంచి, అందు వేపరెమ్మలు వేసి, మామిడాకులతోను కొబ్బరికాయతోను దాని మూతి కప్పుదురని 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథము చెప్పుచున్నది. ఆ కులనామమునకు ఆ కంబళియే మూలమని ఒక వాదము.

ఇట్టి సీమకు 1835లో అమెరికను మిషనరీలు వచ్చి దిండిగల్లున స్థావర మేర్పఱచుకొనిరి. వారిని పంపిన అమెరికన్ బోర్డు 1810లో మసాచుసెట్సున పుట్టినది. దానికి ప్రాణమైన కాంగ్రిగేషనల్ సంప్రదాయము ననుసరించి ప్రతి స్థానిక సంఘమును తనంతట తాను సంపూర్ణమైన సభ. తన కాపరిని తానే యెన్నుకొనును. పైన బిషప్పు లేడు. వినుటకు రమ్యముగనే యున్నది. కాని జీతమిచ్చు చేయి సముద్రమున కావల నున్నంతకాలము, ఎన్నుకొను చేతికి ఎంత బలముండెనో పాఠకులే యూహింపవచ్చును.

న్యూ ఇంగ్లాండున పెరిగిన ఆ కాంగ్రిగేషనల్ చెట్టునకే మఱియొక కొమ్మ కలదు. కాంగ్రిగేషనల్ సంఘములనుండి చీలిన ఉదారవాదులు 1825లో అమెరికన్ యూనిటేరియన్ అసోసియేషనును స్థాపించిరి. అది 1961లో యూనివర్సలిస్టులతో కలిసి ఒక్క సమాజమైనది. ఆ సమాజమునకు అధ్యక్షుడు సంఘప్రతినిధుల ఓట్లతో ఎన్నుకోబడును. పదవి నపేక్షించువారు ఆ మాట దాచుకొనరు. అభ్యర్థులమని ప్రకటించి, సభ్యుల యెదుట నిలిచి, ప్రశ్నలకు ఉత్తరము లిత్తురు. అక్కడ కోరుట దోషము కాదు. కోరి దాచుటయే దోషము.

దిండిగల్ వచ్చిన కొమ్మ వేఱు దారి పట్టినది. 1908లో ఆ సంఘములు ప్రెస్బిటేరియనులతో కూడి దక్షిణ భారత ఐక్య సంఘమైనవి. ఇంకను విస్తృతమైన సంఘైక్యమును గూర్చి చర్చించుటకై 1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో సమావేశమైన 33 మందిలో ఇద్దఱు తప్ప తక్కినవా రందఱును భారతీయులే. బిషప్పు పదవిని అంగీకరింపవచ్చును గాని అది నిబంధనలకు లోబడినదై యుండవలెనని వారు పట్టుబట్టిరి. ఆ మీదట సంప్రదింపులలోనే యిరువది యెనిమిది సంవత్సరములు గడచినవి. 1947 సెప్టెంబరు 27న మదరాసు సెయింట్ జార్జి కతీడ్రలులో దక్షిణ ఇండియా సంఘ మవతరించినప్పుడు, దిండిగల్ చేరిన మదుర–రామనాథపుర మండలమునకు లెస్లీ న్యూబిగిన్ బిషప్పయ్యెను. ఆయన స్కాట్లండు సంఘపు మిషనరీ, ప్రెస్బిటేరియను, వయస్సు ముప్పదియేడు. బిషప్పన్న పేరే గిట్టని కాంగ్రిగేషనలు సంఘములకు, బిషప్పులే లేని వేఱొక సంప్రదాయమునుండి వచ్చినవాడు తొలి బిషప్పగుట ఈ చరిత్రలోని చమత్కారము.

ఆ పదవీనామమును కొంత నిదానించి చూడవలెను. ఈ సంఘమున బిషప్పు ‘మదుర యొక్క’ బిషప్పు కాడు, ‘మదురయందు’ బిషప్పు. షష్ఠిని విడిచి సప్తమిని గ్రహించుటలో, అధికారి మండలమునకు యజమాని కాడు, మండలములో ఒకడు అను నభిప్రాయ మున్నది. మన బడిపిల్లలు వల్లించు విభక్తుల పట్టికలో మాత్రము ‘యొక్క’ పక్కనే ‘లో’ కూడ షష్ఠిగానే నిలిచియున్నది. ‘అందు’, ‘న’ అనునవి మాత్రమే సప్తమికి దక్కినవి. లోపల నున్నవాడు యజమానిగా మాఱుటకు ఎంతో దూరము పోనక్కఱ లేదని మన వైయాకరణులకు ముందే తెలియునేమో!

ఎన్నికవిధానముకూడ ఈ శంకను దృష్టియం దుంచుకొని కూర్చినట్లు తోచును. మండల మహాసభలో కాపరులును సామాన్య ప్రతినిధులును ఓటు వేసి కొన్ని పేర్ల పట్టిక నిత్తురు. తుది నిర్ణయము మండలములకు పైనున్న సంఘ మహాసభయగు సినడు స్థాయిలో జరుగును. అభ్యర్థి దరఖాస్తు పెట్టుకొనుట మర్యాద కాదు. అయినను పట్టికలో పేరెక్కవలెనన్న ఓట్లు కావలెను. ఓట్లు కావలెనన్న ఎవరో యొకరు అడుగవలెను. తాను అడుగక మిత్రులచేత అడిగించుట వినయమా, లేక కోరికకు వేసిన ముసుగా? నా మట్టుకు, బహిరంగముగా నిలిచి అడుగు నా అమెరికను పద్ధతియే ఎక్కువ నిజాయితీ గలదని తోచుచున్నది.

ఓటు లేని నాటికిని ఓటు గల నాటికిని గల భేదము చూడుడు. తిరునెల్వేలి సీమ తమిళుడైన వి. ఎస్. అజరయ్య 1912లో తెలుగునాట దోర్నకల్ బిషప్పయ్యెను. ఆ నియామకమున తెలుగు సంఘముల ఓటు లేదు. ఆ దోర్నకల్ మండలపు బిషప్పే, పి. సాలొమోను, 1966లో సినడు ఓట్లచే సంఘమంతటికిని మోడరేటరయ్యెను. మదుర మండలపు ప్రతినిధులును ఆ సినడులో ఓటు హక్కు గలవారే. ఆ విధముగా ఒక తెలుగువాడు దిండిగల్ సంఘములకు పెద్ద యయ్యెను, పాళెము లేకయే, కంబళి పఱవకయే.