ముత్తాత ఫైలు

ఆస్ట్రేలియాలో ఎంత చిన్న ఊరికి వెళ్లినా నడిబొడ్డున ఒక రాతి స్తంభమో, తలవంచుకుని నిలబడ్డ సిపాయి విగ్రహమో ఉంటుంది. కింద పేర్లు చెక్కి ఉంటాయి. నాలుగు వీధుల ఊళ్లో కూడా ఒకే ఇంటిపేరు రెండు మూడు సార్లు కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్లను ఎక్కడ పోయినవాళ్లను అక్కడే పాతిపెట్టాలని, ఇళ్లకు పంపకూడదని బ్రిటిష్ సామ్రాజ్యం నియమం పెట్టింది. ఫ్రాన్సుకు ఓడెక్కి వెళ్లి కొడుకు సమాధి చూసొచ్చే స్తోమత ఇక్కడి కూలివాళ్లకు లేదు. అందుకని ఎవరి ఊళ్లో వాళ్లు చందాలు వేసుకుని ఈ రాళ్లు నిలబెట్టుకున్నారు.

అప్పటికి దేశ జనాభా యాభై లక్షలు కూడా లేదు. సైన్యంలో చేరినవాళ్లు 4,16,000కు పైగా, చనిపోయినవాళ్లు 60,000కు పైగా. విదేశాలకు వెళ్లి పోరాడినవాళ్లంతా తమంతట తాము చేరినవాళ్లే. మగవాళ్లను నిర్బంధంగా పంపడానికి ఒప్పుకోమని ప్రభుత్వం 1916లో ఒకసారి, 1917లో మరోసారి జనాన్ని ఓటు అడిగింది. రెండుసార్లూ జనం వద్దన్నారు. యుద్ధం మధ్యలో ఆ మాట అనగలిగిన ప్రజలంటే నాకు గౌరవం.

విక్టోరియా రాష్ట్రంలోని అలాంటి ఒక రాయి మీద మావారి ముత్తాత పేరుంది. ఆయన గురించి ఇంట్లో చెప్పుకునేది ఒక్క ముక్కే: గొర్రెల బొచ్చు కత్తిరించే పని చేసేవాడు, ఫ్రాన్సులో పోయాడు. మిగతాది చాలావరకు కాన్‌బెర్రాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో దొరికింది. ఆ యుద్ధంలో చేరిన 3,70,000 మందికి పైగా సైనికుల ఫైళ్లను అక్కడ స్కాన్ చేసి, రుసుము లేకుండా అందరికీ తెరిచి ఉంచారు. జనరల్ ఫైలు ఎలా ఉంటుందో కూలివాడి ఫైలూ అలాగే ఉంటుంది.

చేరిన రోజున నింపిన కాగితంలో మనిషి కళ్ల ముందుకు వస్తాడు. వయసు, వృత్తి, మతం, ఛాతీ కొలత, కళ్ల రంగు, ఒంటి మీద మచ్చలు. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. 1914లో యుద్ధం మొదలైనప్పుడే ఎందుకు చేరలేదు, భయపడ్డాడా అని ఇంట్లో ఎవరికో ఎప్పుడో ఒక అనుమానం ఉండేదట. అప్పట్లో కనీసం అయిదడుగుల ఆరంగుళాలు ఉంటేనే తీసుకునేవారు. టర్కీ తీరాన గల్లిపోలి యుద్ధంలో మనుషులు రాలిపోయాక, 1915 నడిమికి, అయిదడుగుల రెండంగుళాలకు దించారు. ఆయన చేరింది ఆ జూలైలోనే. ఆ ఒక్క నెలలో 36,000 మందికి పైగా చేరారు. రోజుకు ఆరు షిల్లింగుల జీతంలో పెద్ద వాటా భార్యకు అందేలా రాయించి, 31వ బెటాలియన్‌తో ఓడెక్కాడు. అప్పటికి కొడుకు చంకలో బిడ్డ.

ఈజిప్టు ఇసుకలో నెలల తరబడి కవాతు చేయించి 1916 జూన్‌లో ఫ్రాన్సుకు పంపారు. జూలై 19 సాయంత్రం ఆరింటికి, ఇంకా పట్టపగల్లా వెలుగున్న వేళ, ఫ్రొమెల్ అనే పల్లె దగ్గర జర్మన్ కందకాల మీదికి తోలారు. సొమ్ నది దగ్గర సాగుతున్న పెద్ద యుద్ధం వైపు జర్మన్ బలగాలు కదలకుండా ఆపడానికి వేసిన ఎత్తు అది. తెల్లవారేసరికి చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, పట్టుబడ్డవాళ్లు కలిపి 5,533 మంది ఆస్ట్రేలియన్లు. బ్రిటిష్ సైన్యం మాత్రం బయటికి ఇచ్చిన ప్రకటనలో కొన్ని దాడులు జరిపామని చెప్పి ఊరుకుంది. ఆయన చూసిన యుద్ధమంతా ఆ ఒక్క రాత్రే. ఫైల్లో ఆ తేదీ పక్కన ఉన్నది ఒకే మాట: కనబడుటలేదు.

ఆ తర్వాత వచ్చే కాగితాలన్నీ ఆయన భార్యవి. బతికున్నాడా, పట్టుబడ్డాడా, ఎవరినడగాలి అని మెల్‌బోర్న్ సైనిక కార్యాలయానికి ఆమె రాసిన ఉత్తరాలు, ఇంకా సమాచారం అందలేదని టైపు చేసి పంపిన జవాబులు. చేతిరాత మొదట్లో కుదురుగా ఉంది, పోనుపోను వాలిపోయింది. ఇలాంటి ఇల్లాళ్ల కోసం పనిచేసినామె వీరా డీకిన్. మాజీ ప్రధాని కూతురు. ఇరవై మూడేళ్ల వయసులో, 1915లో, కైరోలో రెడ్‌క్రాస్ తరఫున ఆచూకీ కార్యాలయం తెరిచి మరుసటి ఏడు దాన్ని లండన్‌కు మార్చింది. ఆసుపత్రి మంచాల పక్కన కూర్చుని, ఫలానా అతన్ని చివరిసారి ఎక్కడ చూశావని గాయపడ్డ సిపాయిలను అడిగి రాసుకునేవారు. అలా తయారైన ఫైళ్లు దాదాపు 32,000. మా ముత్తాత రెడ్‌క్రాస్ ఫైల్లో ముగ్గురి వాంగ్మూలాలున్నాయి. రెండో కందకం దాటాక పడిపోయాడని ఒకరు, తెల్లవారుజామున కాల్పులు జరుపుతూ కనిపించాడని మరొకరు. మూడో అతనికి ఆయన పొట్టిగా ఉండేవాడని, నవ్విస్తుండేవాడని మాత్రమే గుర్తు. నాకైతే ఆ మూడోదే విలువైనది. నవ్వించేవాడన్న సంగతి ఇంట్లో ఎవరికీ అందలేదు.

ముత్తాత పేరు జర్మన్లు పంపిన మరణాల జాబితాలో ఉంది. అంటే శవం వాళ్ల చేతికి చిక్కింది. మరి ఎక్కడ పాతిపెట్టారన్న ప్రశ్నను తొంభై ఏళ్ల తర్వాత పట్టుబట్టి అడిగినవాడు లాంబిస్ ఎంగ్లెజోస్. గ్రీసులో పుట్టి మెల్‌బోర్న్‌లో బడిపంతులుగా పనిచేసి రిటైరైన మనిషి. తప్పిపోయినవాళ్ల లెక్కకూ దొరికిన సమాధుల లెక్కకూ పొంతన లేదని, ఫెజంట్ వుడ్ అనే తోపు పక్కన జర్మన్లు తవ్విన గోతులున్నాయని ఆయన వాదించాడు. అధికారులు చాలాకాలం నమ్మలేదు. 2009లో తవ్వితే 250 మంది బయటపడ్డారు. వారసుల డీఎన్ఏతో పోల్చి ఇప్పటికి 170 మందికి పైగా పేర్లు తిరిగి ఇచ్చారు. మా మామగారూ నమూనా ఇచ్చారు, సరిపోలలేదు. ముత్తాత పేరు అక్కడి వీసీ కార్నర్ శ్మశానంలో, సమాధి దొరకనివాళ్ల గోడ మీదే ఉంది.

ఈ దేశాన్ని మెచ్చుకుంటూ ఒక సంగతి దాచలేను. ఆ రోజుల్లో నన్ను ఈ గడ్డ మీద కాలు పెట్టనిచ్చేవారు కాదు. 1901 చట్టం ప్రకారం, వద్దనుకున్న మనిషికి ఏదో ఒక యూరపు భాషలో యాభై మాటలు చదివి వినిపించి రాయమనేవారు. తెలుగువాడికి ఏ డచ్చి భాషలోనో పరీక్ష పెట్టినా అడిగే దిక్కు లేదు. ఈ నేల అసలు హక్కుదారులైన ఆదివాసుల్ని సైన్యంలోకి వద్దని నిబంధన ఉన్నా వెయ్యి మందికి పైగా ఎలాగో చేరి పోరాడారు. తిరిగొచ్చిన సైనికులకు పంచిన భూముల్లో వాళ్లలో చాలామందికి సెంటు కూడా దక్కలేదు.

ఫ్రొమెల్‌కు కొద్ది దూరంలోనే నవ్ షపెల్ ఉంది. 1915 మార్చిలో మన భారతీయ దళాలు అక్కడ పోరాడాయి. సమాధి దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు అక్కడి గుండ్రటి కట్టడం మీద ఉన్నాయి. ఆ యుద్ధానికి మన దేశం నుంచి పదమూడు లక్షల దాకా వెళ్లారు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరంలో ఆ తరం నుంచి సైన్యానికి వెళ్లిన ఇళ్లున్నాయి. అలాంటి ఇల్లు ఒక్క ఊళ్లోనే ఉండదు. మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున తాతగారి పతకం ఉంటే దాని అంచు చూడండి. సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. యుద్ధంలో పోయినవారైతే ఆ వివరాలతో కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో వెతకవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. తిరిగొచ్చినవారైతే, ఆ నంబరు ఒక కాగితం మీద రాసి, ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తున్నదంతా ఈ వారమే పక్కన రాసిపెట్టండి.