లాగని బండి: పాత కార్లలో లోపం పట్టే విద్యకు ఒక చరిత్ర

పెట్రోలు కారు గంటల తరబడి వేగంగా పరుగెత్తిన తర్వాత ఎక్సిలరేటర్ ఎంత తొక్కినా అందుకోకపోవడం, చిన్న ఎత్తును కూడా ఎక్కలేకపోవడం, రోడ్డు పక్కన కాసేపు ఆపి మళ్లీ స్టార్టు చేస్తే ఏమీ జరగనట్టే నడిచి కొంత దూరం పోయాక తిరిగి మొరాయించడం మోటారు వాహనాల చరిత్ర పొడుగునా మెకానిక్కులను పరీక్షకు పెట్టిన లోపం. షెడ్లలో దీన్ని ‘బండి లాగడం లేదు’ అనీ, ‘పికప్ పోయింది’ అనీ అంటారు. విరిగిన యాక్సిలూ పగిలిన టైరూ కంటికి కనిపిస్తాయి గాని, ఈ లోపం బండి షెడ్డుకు చేరేసరికి చాలాసార్లు మాయమై ఉంటుంది. ఎదుట లేని లోపాన్ని అది వదిలిపోయిన ఆనవాళ్లతో పట్టుకోవలసి వచ్చింది కాబట్టే మోటారు మరమ్మతు ఒక విచారణ పద్ధతిగా ఎదిగింది. ఆ పద్ధతిని పెంచి పోషించినవారిలో అత్యధికులు పుస్తకం రాయనివారు కావడంతో దాని చరిత్రకు దక్కవలసిన స్థానం నేటికీ దక్కలేదు.

పెట్రోలు ఇంజను నడవడానికి గాలితో సరిపాళ్లలో కలిసిన పెట్రోలు, దాన్ని వేళకు అంటించే నిప్పురవ్వ, సిలిండరులో ఆ మిశ్రమాన్ని బిగించి నొక్కే ఒత్తిడి కావాలి. మొదటి పనికి పెట్రోలును సన్నని రంధ్రం గుండా గాలిలోకి చిమ్మే కార్బొరేటర్‌ను జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్ 1893లో రూపొందించగా, రెండో పనికి బ్యాటరీ కరెంటును తెంచుతూ కలుపుతూ కాయిల్ ద్వారా అధిక వోల్టేజీగా మార్చే ఏర్పాటును అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో కార్లకు అమర్చాడు. కరెంటును తెంచే చిన్న లోహపు దిమ్మెలే పాయింట్లు. తెగే క్షణంలో వాటి మధ్య మంట లేవకుండా కాపాడేది కండెన్సర్. నిప్పురవ్వను సిలిండర్లకు వరుసగా పంచేది డిస్ట్రిబ్యూటర్, తెలుగునాట షెడ్లలో డెల్కో. నిమిషానికి 4,000 చుట్లు తిరిగే నాలుగు సిలిండర్ల ఇంజనులో పాయింట్లు నిమిషానికి 8,000 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. అంత వేగంలో కాయిల్ పూర్తిగా నిండడానికి వ్యవధి తగ్గి నిప్పురవ్వ బలహీనపడుతుంది కనుక, పాయింట్లు కొద్దిగా కాలినా, కండెన్సర్ కొద్దిగా చెడినా, ఊళ్లో తిరిగేటప్పుడు తెలియని లోటు రహదారి మీద బయటపడుతుంది.

ఈ విద్యకు మూలసూత్రం అదే. వేగం కొత్త లోపాన్ని పుట్టించడం కంటే ఉన్న లోపాన్ని బయటికి లాగడమే ఎక్కువ. పూడిక పేరుకున్న కాలువ మామూలు రోజుల్లో అన్ని పొలాలకూ నీరిస్తూనే ఉండి, నాట్ల వేళ అందరికీ ఒకేసారి నీరు కావలసి వచ్చినప్పుడు చివరి భూములను ఎండబెట్టినట్టే, సగం మూసుకుపోయిన పెట్రోలు ఫిల్టరు నెమ్మదిగా నడిచే ఇంజనును పోషించగలిగి కూడా పూర్తి వేగంలో చేతులెత్తేస్తుంది. బండి ఆగిన చోట కాకుండా, అది ఎంతసేపు ఎంత వేగంతో నడిచిన తర్వాత ఆగిందో అడగడంతో అనుభవజ్ఞుడైన మెకానిక్కు విచారణ మొదలవడానికి కారణం ఇదే.

అయితే గంటల తరబడి వేగంగా నడపడం అనే సందర్భం కారుతో పాటు పుట్టలేదు, దానికి తగిన రోడ్డుతో పుట్టింది. జర్మనీలో 1930వ దశకంలో ఆటోబాన్‌లు పరుచుకుంటున్న కాలంలో ఫెర్డినాండ్ పోర్షె రూపొందించిన ఫోక్స్‌వ్యాగన్‌కు గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని ఎంతసేపైనా నిలబెట్టుకోగలగాలన్న నియమం ముందే ఉండటంతో, ఇంజను తన శక్తినంతా ఎన్నడూ వెచ్చించకుండా కావాలనే అదుపులో ఉంచారు. బ్రిటన్ ఆ జాగ్రత్త పడలేదు. 1959 నవంబరు 2న రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ ప్రారంభించిన ఎం1 రహదారి మీద వేగ పరిమితి లేకపోగా, దాని మీదికి వచ్చిన కార్లలో చాలా భాగం వంకర టింకర పల్లె రోడ్ల కోసం తయారైనవి. వాటి రేడియేటర్లు మరిగాయి, బేరింగులు కొట్టుకుపోయాయి, దారి పక్కన ఆగిన కార్ల దృశ్యం ఆ రహదారి తొలి రోజుల గుర్తుగా మిగిలింది. 1965 డిసెంబరులో గంటకు 70 మైళ్ల తాత్కాలిక పరిమితి వచ్చి, 1967లో శాశ్వతమయ్యేలోగా బ్రిటిష్ కార్ల తయారీదారులు నిలకడ వేగం అనే ప్రమాణాన్ని నేర్చుకోక తప్పలేదు.

సరిగ్గా ఆ పాఠానికి ముందు తరం కారే భారతదేశానికి వచ్చింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారును హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950వ దశకం చివర అంబాసిడర్ పేరుతో తయారు చేయడం మొదలుపెట్టి, ఆ ఆకృతిని పెద్దగా మార్చకుండా 2014 మే వరకు కొనసాగించింది. బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100 కూడా, తర్వాత ప్రీమియర్ పద్మినిగా పేరు మారి, ఆ తరానిదే. ఈ కార్లు ఇక్కడ ఇన్ని దశాబ్దాలు బతకడానికి వాటి దృఢత్వం ఎంత కారణమో, వాటిని ఎన్నడూ పరుగెత్తనివ్వని ఇరుకు రోడ్లు కూడా అంతే కారణమనడం న్యాయం. ఎడ్లబళ్లూ లారీలూ పంచుకునే రెండు వరుసల దారిలో అంబాసిడర్‌కు నిలకడ వేగం అవసరమే పడలేదు. పడిన చోట మాత్రం ఆ కారును తెలుగునాట ఎండలు గట్టిగా నిలదీశాయి.

ఎండకూ పెట్రోలుకూ ఉన్న సంబంధం ఇక్కడ వివరించదగింది. నీటిలా పెట్రోలుకు ఒకే మరిగే స్థానం ఉండదు. అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమమైన దానిలో తేలికైన భాగాలు సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆవిరి కావడం మొదలుపెడతాయి. రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలోనే 45 డిగ్రీలు దాటే మే నెల మధ్యాహ్నం, ఇంజను పక్కనే బిగించిన పెట్రోలు పంపు, షెడ్లలో ఏసీ పంపు, ఎంత వేడెక్కుతుందో ఊహించవచ్చు. పైగా ఆ పంపు వెనుకనున్న ట్యాంకు నుంచి పొడవైన గొట్టం గుండా పెట్రోలును పీలుస్తుంది కాబట్టి గొట్టంలో పీడనం తగ్గి, పెట్రోలు ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. పంపు ద్రవానికి బదులు ఆవిరిని నొక్కుతూ ఉండిపోతే కార్బొరేటర్‌కు పెట్రోలు చేరదు. వేపర్ లాక్ అని ఇంజనీర్లూ, ఎయిర్ పట్టిందని డ్రైవర్లూ చెప్పేది ఈ స్థితినే. వేగంగా వచ్చి ఆపిన వెంటనే ఇది తీవ్రమవుతుంది. ఫ్యాను ఆగిపోయి, బండి కదలిక వల్ల వీచే గాలి కూడా లేక, ఇంజనులో నిలవ ఉన్న వేడంతా పంపుకూ గొట్టాలకూ పాకుతుంది. పంపు మీద తడిగుడ్డ వేసి ఆగడమనే రోడ్డు పక్క వైద్యం ఉష్ణశాస్త్రం ప్రకారం నిర్దుష్టమైనది, ఎందుకంటే గుడ్డలోని నీరు ఆవిరవుతూ పంపులోని వేడిని తీసుకుపోతుంది.

చిక్కంతా, కాసేపు ఆపితే సర్దుకునే లోపం ఇదొక్కటే కాకపోవడంలో ఉంది. ట్యాంకు అడుగున చేరిన తుప్పు వేగానికి జోరుగా ప్రవహించే పెట్రోలుతో కదిలి జాలీకి అతుక్కుని, ఇంజను ఆగగానే కిందికి జారిపోతుంది. ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే లోపల శూన్యత పెరిగి పెట్రోలు కదలదు. నిదానంగా గాలి చొరబడ్డాక బండి నడుస్తుంది. కాయిల్ లోపలి తీగల పూత దెబ్బతింటే వేడిలో కరెంటు దారి తప్పి, చల్లారాక సరిగా పనిచేస్తుంది. నాలుగు వేర్వేరు కారణాలు ఒకే ముఖంతో కనిపిస్తున్నప్పుడు వాటిని విడదీసే ప్రశ్నలను ఏ వరుసలో వేయాలన్నదే షెడ్డు విద్యలోని సారం.

ఆ వరుస ఇలా సాగేది. బండి మొరాయించిన చోటనే, చల్లారనివ్వకుండా, ట్యాంకు మూత తెరిచి లోపలికి గాలి బుస్సుమని పీల్చుకుంటుందా అని వింటారు. తర్వాత కార్బొరేటర్ దగ్గర గొట్టం ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టిస్తారు; పెట్రోలు నిండుగా చిమ్మితే దోషం కరెంటు వైపు, బుడగలతో వస్తే ఆవిరి వైపు, సన్నగా కారితే చెత్త వైపు. చెత్తేనని నిర్ధారించడానికి ఒకరు గొట్టంలోకి నోటితో వెనక్కి ఊదుతుంటే మరొకరు ట్యాంకు దగ్గర చెవి పెట్టి గుడగుడ శబ్దం వస్తోందో లేదో వింటారు. కరెంటు వైపు అనుమానం ఉంటే కాయిల్ తీగను ఇంజను లోహానికి దగ్గరగా పట్టి నిప్పురవ్వ రంగు చూస్తారు. టప్‌మని కొట్టే నీలి రవ్వ ఆరోగ్యానికి గుర్తు, పసుపు రంగులో పలచగా పాకేది కండెన్సర్ లేదా కాయిల్ చెడిందనడానికి గుర్తు. ప్లగ్గును కూడా చదువుతారు. గోధుమ రంగు సరైన మంటకూ, పాలిపోయిన తెలుపు పెట్రోలు చాలక అతిగా వేడెక్కడానికీ, మసి నలుపు పెట్రోలు ఎక్కువ కావడానికీ సాక్ష్యం. ఆ సాక్ష్యం నిలవాలంటే వేగంలో ఉండగానే ఇంజను ఆపేసి, క్లచ్ తొక్కి బండిని ఆగనిచ్చి, అక్కడే ప్లగ్గు తీయాలి. నెమ్మదిగా షెడ్డు దాకా నడుపుకొస్తే రంగు మారిపోతుంది. పక్కపక్క సిలిండర్ల ప్లగ్గులు రెండూ చెడ్డ కబురు చెబితే, రేడియేటర్‌లో బుడగలు లేస్తుంటే, సిలిండరు ఒత్తిడిని బయటికి పోనివ్వని హెడ్ గ్యాస్కెట్ కాలిందన్న మాట; దానికి చల్లారడం ఔషధం కాదు. కొలత పరికరాలు అందని చోట ప్లగ్గు సందును సరిచూడడానికి హ్యాక్సా బ్లేడు ముక్క వాడటం చాలాచోట్ల ఉండేది, దాని మందం కావలసిన సందుకు ఇంచుమించు సరిపోతుంది.

ఈ పరిజ్ఞానం ఒక్కో కారణాన్ని తోసిపుచ్చుతూ పోయే శాస్త్రీయ విచారణే అయినా, అది తరగతి గదిలో కాకుండా పనిలో చేతులు మారింది. హైదరాబాదు షెడ్లలో ఉస్తాద్ దగ్గరా, 1960వ దశకంలో విజయవాడలో ఏర్పడి లారీల బాడీ కట్టడం నుంచి ఇంజను బోరింగు దాకా సమస్తానికీ కేంద్రమైన జవహర్ ఆటోనగర్‌లో పెద్ద మేస్త్రీ దగ్గరా, కుర్రవాళ్లు విడి భాగాలను కిరోసిన్‌తో కడగడంతో మొదలుపెట్టి ఏళ్ల తరబడి చూసి నేర్చుకున్నారు. బడికి పోవలసిన వయసును ఆ పిల్లలు మూల్యంగా చెల్లించారన్న నిజాన్ని ఈ విద్యను మెచ్చుకునేటప్పుడు మరుగుపరచడం అన్యాయమవుతుంది.

1999లో శంకుస్థాపన జరిగిన స్వర్ణ చతుర్భుజి పథకం కింద నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్నం మీదుగా పోయే చెన్నై–కోల్‌కతా రహదారి నాలుగు వరుసలైనప్పుడు, బ్రిటన్ 1959లో ఎదుర్కొన్న సందర్భమే నలభై ఏళ్లు ఆలస్యంగా తెలుగునాట పాత కార్లకు ఎదురైంది. కాని అప్పటికే కారు మారిపోతోంది. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త కార్లకు పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి కాగా, 2000లో యూరో-1 స్థాయి ప్రమాణాలు దేశమంతటా రావడంతో కార్బొరేటర్ స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆక్రమించింది. ట్యాంకు లోపలే ఉండే విద్యుత్ పంపు పెట్రోలును సుమారు 3 బార్ల ఒత్తిడితో ముందుకు నెట్టడంతో ఆవిరి పట్టడమన్న సమస్య దాదాపు అంతరించింది. దాని స్థానంలో మరో లోపం వచ్చింది: వేగంలో ఒక సిలిండరు మిస్ కొడితే కాలని పెట్రోలు కన్వర్టర్‌లో మండి, సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మను కరిగించి పొగదారినే మూసేస్తుంది, బండి ఊపిరాడక బలం కోల్పోతుంది.

భారత్ స్టేజ్-4 ప్రమాణాలతో 2010 తర్వాత లోపాన్ని స్వయంగా నమోదు చేసుకునే వ్యవస్థ కూడా కార్లలోకి వచ్చింది. అయితే స్కానర్ చూపే పీ0171 అన్న సంకేతం మిశ్రమం పలచబడిందని మాత్రమే చెబుతుంది. అందుకు ఫిల్టరు కారణమా, పంపు కారణమా, గొట్టంలో చీలిక గుండా గాలి చొరబడుతోందా అన్నది తేల్చడానికి తోసిపుచ్చే ఆ పాత వరుసే నేటికీ కావాలి. ఆ వరుసను చేతులతో నేర్చిన చివరి తరం మేస్త్రీలు ఆటోనగర్‌లో, జిల్లా కేంద్రాల షెడ్లలో ఇంకా ఉన్నారు. మోటారు మెకానిక్ కోర్సు నడిపే ఐటీఐలూ పాలిటెక్నిక్‌లూ విద్యార్థులను వారి వద్దకు పంపి, వారు వేసే ప్రశ్నల క్రమాన్ని, వాడే తెలుగు మాటలతో సహా, రికార్డు చేయించి పాఠ్యపుస్తకాలలో చేర్చాలి. ఆ పని ఈ దశాబ్దంలోనే జరగాలి.