బతకలేక బడిపంతులు: రెండు వందల ఏళ్ల కథ

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఊరూరా బడుల లెక్క తీయమని కలెక్టర్లకు ఉత్తర్వు ఇచ్చాడు. ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు తేలాయి. అనంతపురం అప్పటికింకా బళ్లారి జిల్లాలోనే ఉంది. ఆ జిల్లా కలెక్టరు కాంప్‌బెల్ పంపిన నివేదిక చదివితే వీధిబడి కళ్లకు కడుతుంది. ఉదయం ఆరింటికల్లా బడి మొదలు. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవారు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు. ఇసుకలో వేలు పట్టి అక్షరాలు దిద్దించే దగ్గర్నుంచీ అంతా మగ పంతుళ్ల పనే.

ఆ పంతులికి దక్కిందేమిటి? నెలకు ఆరేడు రూపాయలకు మించి రాదనీ, అంత తక్కువకు తగినవాళ్లు ఈ వృత్తిలోకి రారనీ 1826లో మన్రోయే రాశాడు. తహసీలు బడి పంతులుకు తొమ్మిది, కలెక్టరేటు బడి పంతులుకు పదిహేను రూపాయలు ఇద్దామన్నాడు. తక్కువ జీతానికి తగినవాళ్లు రారన్న ఆ రెండు వందల ఏళ్ల నాటి మాట ఇవాళ్టికీ చెల్లుతుంది.

జీతం చాలకపోయినా కొందరు ఆ వృత్తిని ఎక్కడికో తీసుకెళ్లారు. గిడుగు రామమూర్తి 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. తెలుగు వచ్చిన ఒక సవర గిరిజనుడి దగ్గర సవర భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి సొంత ఖర్చుతో బడులు పెట్టారు. వాడుక భాషా ఉద్యమానికి నాయకుడైన ఆ మనిషి ముందుగా బడిపంతులన్న సంగతి మనం తక్కువగా తలుచుకుంటాం.

ఆడపిల్లల చదువు కోసం కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో పాఠశాల తెరిచారు. చదువుకున్న స్త్రీలే అరుదైన ఆ రోజుల్లో ఆడపిల్లలకూ మగవాళ్లే చదువు చెప్పాల్సి వచ్చేది. ఆ కొరత తీరడానికి శతాబ్దం పైన పట్టింది. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం ఇద్దరు టీచర్లుండాలనీ, వీలైనంతవరకు ఒకరు మహిళ అయి ఉండాలనీ చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగాల్లో మూడో వంతు స్త్రీలకు కేటాయించారు. 2019-20 నాటికి దేశంలో టీచరమ్మలు మగ టీచర్లను దాటారు. 2024-25లో వారి వాటా 54 శాతం. ఇది ఎంతో కష్టపడి సాధించుకున్న గెలుపు. దాన్ని తగ్గించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

నా బాధ వేరే. మగవాళ్లు పెద్ద తరగతుల్లో, హెడ్మాస్టరు కుర్చీలో, కార్పొరేట్ కాలేజీల్లో ఇంకా కనిపిస్తారు. ఎల్‌కేజీలో, ఒకటో తరగతిలో మాత్రం అరుదు. చిన్న ప్రైవేటు బడుల్లో జీతం ఇల్లు గడవనంత తక్కువ. ‘ఆడవాళ్లకైతే ఇది చాల్లే’ అన్న లెక్క మీద ఆ బడులు నడుస్తున్నాయి. దీనివల్ల టీచరమ్మకు అన్యాయం జరుగుతోంది, మగవాడు ఆ గడప తొక్కడం మానేశాడు. పసిపిల్లలకు చెప్పడం చిన్న పని అన్న చులకన కూడా దీనికి తోడైంది.

జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో తండ్రి గల్ఫ్‌లో ఉంటే అమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో పెరుగుతున్న పిల్లలున్నారు. చొక్కా గుండీ పెట్టి, పక్కన కూర్చుని, బలపం పట్టిన చేతిని పట్టుకుని ‘అ’ దిద్దించే మగమనిషిని ఆ పిల్లలు బడిలోనైనా చూడాలి. చదువంటే ఆడపిల్లల పని అనుకునే మగపిల్లలకు అది మరీ అవసరం.

ప్రైవేటు బడుల జీతాలకు ప్రభుత్వం కనీస హద్దు పెట్టి, అది అందేలా చూడాలి. ఇంటర్ పూర్తి చేస్తున్న అబ్బాయిలకు ఒక విన్నపం: ఇంజనీరింగ్ దరఖాస్తుతో పాటు టీచరు శిక్షణకు ప్రవేశ పరీక్ష అయిన డీసెట్ దరఖాస్తు కూడా ఒకటి నింపండి. తల్లిదండ్రులారా, మీ అబ్బాయి పంతులవుతానంటే ‘బతకలేకనే’ అనకండి.