డ్యూకో నుంచి పీయూ దాకా: సస్తా రంగు తారీఖ్



మొన్న నవంబరులో మా మారుతి 800 ఎడమ తలుపు మీద నీళ్ళు చల్లి వాటర్ పేపర్‌తో రుద్దడం మొదలుపెట్టాను. అరచెయ్యంత చోటు అరిగేసరికి చెట్టు కాండం కోసినట్టు వలయాలు వలయాలుగా రంగులు బయటపడ్డాయి. పైన వెలిసిపోయిన తెలుపు. దాని కింద నీలం. ఇంకా కింద మళ్ళీ తెలుపు, బూడిద రంగు ప్రైమర్, ఆఖరున రేకు. ఈ బండికి నేను మూడో మాలిక్‌ని. నాకంటే ముందు ఎవరో ఒకాయన దీనికి నీలం కొట్టించుకుని మురిసిపోయాడన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

గ్యారేజీలో అడిగితే 38 వేలన్నారు. నా జేబులో ఉన్నది 12 వేలు. దోస్త్ ఒకడు చిన్న కంప్రెసరు, గన్ను ఇస్తానన్నాడు. మిగిలింది ఒక్కటే సవాల్: ఏ రంగు కొనాలి? మా ఛోటే మామూ విజయవాడ ఆటోనగర్‌లో 26 ఏళ్ళు డెంటింగ్-పెయింటింగ్ చేసిన ఉస్తాద్. నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళాను.

"మూడే రంగులు బేటా. సింథటిక్, ఎన్.సి., పీయూ. మిగతావన్నీ షాపువాడి కహానీలు," అన్నారు. "నువ్వు పీయూ కొట్టు. ఎన్.సి. బండి రెండేళ్ళకి ముసలిదైపోతుంది. పీయూ అయితే నీ కొడుకు నికా దాకా చమక్ పోదు."

అంటూనే దగ్గు వచ్చింది. పంపు తీసి రెండుసార్లు పీల్చారు. ఆ దగ్గు వల్లే నేను రంగుల తారీఖ్ వెతకడం మొదలుపెట్టాను.

మొదటి కార్లంటే గుర్రాలు లేని బగ్గీలే. వాటికి రంగు వేసింది కూడా బగ్గీలకు వేసే రంగ్‌సాజ్‌లే. అవిసె నూనెలో కలిపిన రంగు, పైన వార్నిష్, అంతా కుంచెతోనే. నూనె రంగు గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. ఒక పూత ఆరాలి, రుద్దాలి, ఇంకో పూత వెయ్యాలి. ఒక బండి తయారవడానికి వారాలు పట్టేది. నవాబుల బగ్గీకైతే సరే, రోజుకి వందల కార్లు దింపే కారఖానాకి అది ఎలా కుదురుతుంది? రంగు ఆరేదాకా బండ్లన్నీ షెడ్డుల్లో పడి ఉండాల్సిందే.

ఫోర్డ్ మోడల్-టి అనగానే నల్ల కారే గుర్తొస్తుంది అందరికీ. నిజానికి 1908లో అది బజారుకి వచ్చినప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, బూడిద రంగుల్లోనూ దొరికేది. నలుపు ఒక్కటే అన్న హుకుం 1914 నుంచి 1925 దాకా నడిచింది. తారు జాతి పదార్థంతో చేసే ఆ నల్ల ఎనామెల్‌ సస్తా, గట్టిది కూడా. చాలా భాగాలను అందులో ముంచి బట్టీలో పెట్టేవారు. గరీబు కొనగలిగే కారు కావాలంటే రంగుల షోక్ వదులుకోవాలి, అదీ లెక్క. ఈ రోజు నేను 12 వేలు పట్టుకుని తిరుగుతున్నది కూడా ఆ హిసాబ్‌లోనే.

ఆ నలుపుని ఓడించింది ఎవరో తెలిసినప్పుడు నాకు కాసేపు నోట మాట రాలేదు. బారూద్!

1846 ప్రాంతంలో షోన్‌బైన్ అనే కెమిస్ట్ స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో దూదిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల్లో తడిపి గన్‌కాటన్ చేశాడు. చూడ్డానికి మామూలు దూదే. నిప్పు తగిలితే ఇక చూడనక్కర్లేదు. ఫిరంగులకు పొగలేని బారూద్ దాని నుంచే వచ్చింది. 1802 నుంచి బారూద్ వ్యాపారంలోనే ఉన్న అమెరికా కంపెనీ డ్యూపాంట్, మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని గుట్టలుగా చేసి అమ్మింది. జంగ్ ఆగింది. అన్ని కారఖానాలు, అంత నైట్రోసెల్యులోజ్ తజుర్బా ఉన్నాయి, కొనేవాడు లేడు. 1920లో న్యూజెర్సీలోని పార్లిన్‌లో ఆ కంపెనీ వాళ్ళకి అనుకోకుండా ఒక సంగతి తెలిసింది. నైట్రోసెల్యులోజ్ ద్రావణాన్ని బాగా పల్చగా చేయవచ్చు, పల్చగా చేసినా అందులో సరుకు ఎక్కువే ఉంచవచ్చు. అంతకుముందు చిక్కగా బంకలా ఉండేది, గన్నులో పోసి చల్లే వీలు లేకపోయేది.

దానికి డ్యూకో అని పేరు పెట్టారు. 1923లో జనరల్ మోటార్స్ వాళ్ళ ఓక్‌లాండ్ కారు మీద నీలం రంగులో బజారుకి వచ్చింది. అప్పట్లో జనరల్ మోటార్స్‌లో డ్యూపాంట్‌కి పెద్ద వాటా ఉండేది, కాబట్టి గిరాకీ ఇంట్లోనే దొరికింది. ఇందులో ఆక్సిజన్ కోసం ఎదురుచూపు లేదు. థిన్నర్ ఎగిరిపోతే చాలు, రంగు నిలబడుతుంది. వారాల పని రోజుల్లోకి వచ్చింది. రోడ్ల మీద నీలాలు, ఆకుపచ్చలు మొదలయ్యాయి. 1926కి ఫోర్డ్ కూడా తన నలుపు జిద్ వదిలేశాడు.

మనవాళ్ళు యుద్ధాన్నీ జంగ్ అంటారు, తుప్పునీ జంగ్ అంటారు. ఉర్దూ రాతలో అక్షరాలు వేరు, పలికేటప్పుడు మన నోట్లో రెండూ ఒకటే. ఒక జంగ్ కోసం చేసిన సరుకు ఇంకో జంగ్‌ని ఆపడానికి పనికొచ్చింది.

మా మామూకి ఈ తారీఖ్ ఏదీ తెలియదు. కానీ ఆ పేరు తెలుసు. ఆటోనగర్‌లో కారుకి రంగు కొట్టడాన్ని డ్యూకో కొట్టడం అనే అంటారు. ఇనుప బీరువాకీ డ్యూకోనే. పెళ్ళి కూతురి జహేజ్‌లో వచ్చే ఆ మెరిసే బీరువా వెనుక ఫిరంగుల బారూద్ ఉందని ఏ అమ్మీకి తెలుసు? మనవాళ్ళు ఎన్.సి. అంటున్నది కూడా నైట్రోసెల్యులోజ్‌నే.

రంగు చల్లే గన్ను కథ ఇంకా విచిత్రం. అమెరికాలో ఒహాయో రాష్ట్రం టొలీడోలో డెవిల్‌బిస్ అనే డాక్టరు ఉండేవాడు. గొంతు జబ్బు ఉన్న మరీజుల గొంతులోకి మందుని తుంపర్లుగా చల్లడానికి 1880లలో ఒక పరికరం చేశాడు. ఆయన కొడుకు థామస్ అదే సూత్రంతో 1907 ప్రాంతంలో రంగు చల్లే గన్ను తయారుచేశాడు. ఆ పేరు ఇవాళ్టికీ గన్నుల మీద కనిపిస్తుంది. గొంతుకి షిఫా ఇవ్వడానికి పుట్టిన వస్తువుని పట్టుకునే మా మామూ తన ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు.

సింథటిక్ ఎనామెల్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. 1920లలోనే జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఆల్కిడ్ రెజిన్ మీద పని జరిగింది, తర్వాత అది ఇంటి గేటు నుంచి లారీ దాకా పాకింది. పాలిష్ లేకుండానే మెరుస్తుంది, ధర తక్కువ. కాకపోతే అది పాత నూనె రంగుకి మనవరాలు. కారఖానాలో బట్టీ ఉంటే సరే, మా గల్లీలో ఆరుబయట గంటల తరబడి జిగటగా ఉంటుంది. దుమ్ము, దోమలు, మేకపిల్ల వెంట్రుకలు అన్నీ దాని మీదే వాలతాయి.

పీయూ అంటే పాలియురేతేన్. దాని పునాది 1937లో జర్మనీలోని లెవర్‌కూజెన్‌లో ఓటో బాయర్ వేశాడు (పేరు కలిసింది గానీ కంపెనీ పెట్టిన ఖాందాన్ కాదు). రెండు డబ్బాలుగా వస్తుంది: రంగు ఒకటి, హార్డెనర్ ఒకటి. రెండూ కలిపితే ఆరడం కాదు, ఒకదాన్నొకటి పట్టుకుని కొత్త పదార్థం అవుతాయి. అందుకే పెట్రోలు పడినా కరగదు, ఎండకి త్వరగా వెలవదు. ఆ హార్డెనర్‌లో ఉండేది ఐసోసైనేట్.

ఆ పేరు మనం ఇంతకుముందు విన్నదే. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో పురుగుమందుల ఫ్యాక్టరీ నుంచి లీకై వేలమందిని మింగింది మిథైల్ ఐసోసైనేట్. హార్డెనర్‌లోది అది కాదు, దాని అంత తేలిగ్గా గాలిలోకి ఎగిరేదీ కాదు. భయపెట్టడానికి చెప్పడం లేదు. కానీ ఖబీలా ఒకటే. గన్నుతో చల్లినప్పుడు ఇదీ సన్నటి తుంపరై లోపలికి పోతుంది. కొందరి ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే, ఆ తర్వాత రవ్వంత తగిలినా దమా లేస్తుంది. దాన్ని వాసనతో పసిగట్టలేం, కాబట్టి మాస్క్‌లో గుళిక పని చేస్తోందో లేదో తెలియదు. బయటి నుంచి పైపుతో మంచి గాలి ఇచ్చే మాస్క్ ఉండాలి.

మామూ చేతికి పీయూ వచ్చింది 1990ల చివర్లో. గ్యారేజీవాళ్ళు గన్ను ఇచ్చారు, డబ్బా ఇచ్చారు, మాస్క్ ఇవ్వలేదు. మామూ ముక్కుకి రుమాలు కట్టుకునేవారు. చిన్నప్పుడు మేం వెళితే ఆ రుమాలు తీసి నవ్వేవారు, ముక్కు చుట్టూ ఆ రోజు కొట్టిన కారు రంగు. నాకది తమాషాగా ఉండేది. కొన్నాళ్ళకి రాత్రిళ్ళు పడుకోలేకపోయేవారు, గోడకి ఆనుకుని కూర్చునేవారు. ఆఖరికి ఒక డాక్టరు మందుల చీటీ రాసే ముందు "ఏం పని చేస్తారు?" అని అడిగింది. విని, ఆ పని మానేయమంది.

అలాంటి మనిషి నన్ను పీయూ కొట్టమంటున్నారు! కోపం వచ్చి అడిగేశాను.

"నా సాన్స్ సంగతి వేరు, పని సంగతి వేరు," అన్నారు. "నా మేనల్లుడి బండి రెండేళ్ళకి వెలిసిపోతే ఆటోనగర్‌లో నా ఇజ్జత్ ఏం కావాలి?"

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. కానీ మా ఇంటి వాకిట్లో చల్లితే ఆ తుంపర నా పిల్లల గదిలోకి, పక్కింటి దాదీమా కిటికీలోకి పోతుంది. నేను ఎన్.సి. కొన్నాను.

ఎన్.సి. మాసూమ్ అని కాదు. డబ్బాలో ఉన్నదాంట్లో సుమారు పావు వంతే కారు మీద నిలుస్తుంది, మిగతాది థిన్నర్‌తో కలిసి గాలిలోకే. తల తిరుగుతుంది. అసలు పుట్టుకే బారూద్ కనుక నిప్పు దగ్గరికి రానివ్వకూడదు. అయినా గుళికలున్న మంచి మాస్క్, ఆరుబయలు ఉంటే దానితో వేగవచ్చు. నాలుగు లీటర్ల తెలుపు, ఎనిమిది లీటర్ల థిన్నర్, ప్రైమర్, పుట్టీ, పేపర్లు, మాస్క్ అన్నీ కలిపి 12 వేలలోనే సరిపోయాయి. తెలుపే ఎందుకంటే ఆర్.సి.లో ఉన్నది అదే. రంగు మారిస్తే ఆర్.టి.ఓ. చుట్టూ తిరగాలి. నీలం ముచ్చట పడ్డాయన తిరిగాడో లేదో!

కొనే ముందు మామూ ఒక పరీక్ష చేయించారు. మీ బండికీ పనికొస్తుంది. గుడ్డని థిన్నర్‌లో ముంచి పాత రంగు మీద కాసేపు పెట్టి రుద్దాలి. గుడ్డకి రంగు అంటుకుని కరిగితే ఎన్.సి. ఉబ్బి ముడతలు పడితే సింథటిక్. ఏమీ కాకపోతే కంపెనీ బట్టీ రంగో, పీయూనో. మా బండి నీలం కరిగింది. పైన తెలుపు మాత్రం పాల మీద మీగడలా ముడుచుకుంది. సింథటిక్ మీద ఎన్.సి. కొడితే బండంతా అలాగే ముడుచుకుంటుంది, కాబట్టి మొత్తం తీసేయాల్సిందే. ఐదు ఆదివారాలు రుద్దాను. పొడిగా రుద్దవద్దని, నీళ్ళు పోస్తూ రుద్దమని మామూ మొత్తుకున్నారు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. 2016లో వచ్చిన సీసం నిబంధనలు కూడా ఇళ్ళకి వేసే రంగుల వరకే. పిల్లల్ని ఆ ఐదు ఆదివారాలూ నానీ ఇంటికి పంపేశాను.

డిసెంబరు ఆఖరి ఆదివారం రంగు కొట్టాను. పొద్దున్నే మొదలుపెట్టబోతే మంచు దిగేదాకా ఆగమన్నారు. థిన్నర్ ఎగిరేటప్పుడు రేకు చల్లబడి గాలిలో తేమని లాగుతుంది, రంగు పాలిపోతుంది. పదింటికి ఎండ పడ్డాక గన్ను పట్టాను. మామూ గాలికి ఎదురుగా, గల్లీ అవతలి అరుగు మీద కుర్చీ వేయించుకుని, అంత దూరం నుంచి అరిచారు. "జానెడు దూరం! చెయ్యి ఆపొద్దు! వెనక్కి తిరిగేటప్పుడు ట్రిగ్గర్ వదులు!" అరిచినప్పుడల్లా దగ్గు.

మూడో పూతలో వెనక తలుపు కింద నా చెయ్యి ఆగింది. రంగు కన్నీటి చారలా కిందికి జారింది. ఏమీ అనలేదు, నేనూ చెప్పలేదు.

సాయంత్రం గాలి పూర్తిగా తేలికయ్యాక మామూ గల్లీ దాటి వచ్చారు. కళ్ళతో చూడలేదు. అరచెయ్యి బానెట్ మీద పెట్టి, ముందు తలుపు, వెనక తలుపు, అలా నిమురుకుంటూ పోయారు. సరిగ్గా ఆ చార దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఇక్కడ ఆగావు."

"జీ మామూ."

"వారం ఆగి వెయ్యి నంబరు పేపర్ పట్టు, తర్వాత పాలిష్. ఎన్.సి. కదా, మాఫ్ చేస్తుంది. పీయూ అయితే అంత తేలిగ్గా లొంగేది కాదు."

థిన్నర్ డబ్బా మూత గట్టిగా బిగించమని చెప్పి, టోపీ సర్దుకుని మగ్రిబ్‌కి వెళ్ళిపోయారు.