గోల్కొండ నీడలో ఒక తోరా పాఠం

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాదు మీదుగా పోయే రోడ్డును ఇప్పుడందరం బొంబాయి హైవే అంటున్నాం. పొద్దున్నే కంపెనీ బస్సులు, మందుల ఫ్యాక్టరీలకు పోయే ట్యాంకర్లు, పాశమైలారం మలుపు దగ్గర షిఫ్టు దిగినవాళ్ళ టీ కొట్లు. ఈ రోడ్డు మీద యూదుల గురించి మాట్లాడితే ఎవరైనా వింతగానే చూస్తారు. కానీ ఇదే రోడ్డున హైదరాబాదు వైపు కాస్త దూరం వెనక్కి వెళితే గోల్కొండ. అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుతున్న రోజుల్లో, 1647లో, ఆ రాజధానిలో ఒక తోరా పాఠం నడిచింది. చెప్పినవాడు యూదు మతం వదిలేసినవాడు. నేర్చుకున్నవాడు హిందువు. రాసిపెట్టినవాడు ఈ రెండూ కాదు.

రాసినవాడి దగ్గర మొదలుపెడదాం. 'దబిస్తానె మజాహిబ్' అని ఒక పారశీక గ్రంథం ఉంది. 'మతాల బడి' అనుకోవచ్చు. చాలాకాలం దాన్ని మొహ్సిన్ ఫానీ అనే కాశ్మీరీ కవి పేరు మీద చెప్పుకున్నారు. ఇప్పటి పరిశోధకులు ఎక్కువమంది అది ఆజర్ కైవాన్ అనుయాయుల్లో ఒకడి రచన అంటున్నారు. జరథుస్త్ర సంప్రదాయాన్ని తమదైన పద్ధతిలో నమ్మిన బృందం అది. మనిషి దేశదిమ్మరి. కాశ్మీరు చూశాడు, లాహోరు చూశాడు, మన శ్రీకాకుళం దాకా వచ్చాడు. ఎక్కడికెళ్ళినా ఒకటే పని: మీరేం నమ్ముతారో మీ నోటితోనే చెప్పండి అని అడగడం.

యూదుల అధ్యాయం మొదట్లో అతను చెప్పిన మాట నాకు చాలా ఇష్టం. అప్పటిదాకా తనకు యూదు పండితులెవరూ తారసపడలేదట. వాళ్ళ గురించి ఇతర మతాలవాళ్ళు రాసిన పుస్తకాలు కనిపించాయి గానీ, విరోధి రాతలను నమ్మలేక పక్కన పెట్టాడట. హిజ్రీ 1057లో హైదరాబాదు వచ్చినప్పుడు ముహమ్మద్ సయీద్ సర్మద్ కలిశాడు. అప్పుడు గానీ ఆ అధ్యాయం రాయలేదు. ఒక మతం గురించి దాని శత్రువును అడగకూడదన్న ఇంగితం 1647లో ఒకడికి ఉంది. ఇవాళ మన ఫోన్లలో తిరిగే మెసేజీల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

సర్మద్‌ను ఎక్కువమంది కవిగా, ఔరంగజేబు చంపించిన నగ్న ఫకీరుగా ఎరుగుదురు. ఢిల్లీ జామా మసీదు మెట్ల దగ్గర అతని సమాధి ఇప్పటికీ ఉంది. మౌలానా ఆజాద్ అతని మీద పెద్ద వ్యాసం రాశారు. ఇరాన్‌లోని కాషాన్‌లో యూదు రబ్బీల వంశంలో పుట్టాడు. తోరా చదువుకున్నాడు, తర్వాత ముస్లిమయ్యాడు, ముల్లా సద్రా దగ్గర తత్వశాస్త్రం నేర్చుకున్నాడు. వ్యాపారానికి సముద్రం మీద సింధులోని థట్టాకు వచ్చి, అక్కడ అభయ్‌చంద్ అనే హిందూ కుర్రాణ్ణి చూసి ప్రేమలో పడ్డాడు. సరుకూ బట్టలూ అన్నీ వదిలేశాడు. తండ్రి మొదట అడ్డుపడ్డా తర్వాత కొడుకును అతనితో ఉండనిచ్చాడు.

ఈ కథను ఎవరు చెప్పినా ప్రేమ దగ్గర ఆగిపోతారు, లేదా కత్తివేటు దగ్గర. మధ్యలో ఏళ్ళ తరబడి నడిచిన చదువును దాటేస్తారు. అభయ్‌చంద్ సర్మద్ దగ్గర తోరా, దావీదు కీర్తనలు చదివాడు. థట్టాలో కలిసింది 1630ల తొలి ఏళ్ళలో. అంటే హైదరాబాదు వచ్చేసరికి అతను కుర్రాడు కాదు, పదేళ్ళకు పైగా చదువుకున్న పెద్దవాడు. తోరాను పారశీకంలోకి తెచ్చే పని చేపట్టాడు. దబిస్తాన్ రచయిత అందులో ఆదికాండం మొదటి ఆరు అధ్యాయాల భాగాన్ని తన గ్రంథంలో చేర్చుకున్నాడు. ఊరికే చేర్చుకోలేదు. సర్మద్ ముందు పెట్టి సరిచూసుకున్నాడు. యూదులు వారం వారం ఇంతని తోరా చదివే పద్ధతిలో కూడా మొదటి వారం భాగం ఆరో అధ్యాయంలోనే, జలప్రళయానికి ముందు, నోవహు పేరు దగ్గర ముగుస్తుంది. షుల్జ్ అనే జర్మన్ మిషనరీ బైబిలును తెలుగు చెయ్యడానికి పూనుకున్నది దీనికి దాదాపు 80 ఏళ్ళ తర్వాత.

ఆ గురువు ఏ రబ్బీల సభలోనూ నెగ్గేవాడు కాదు. దేవుడికి శరీరం ఉందని, మనిషి రూపంలాంటి రూపం ఉందని యూదులు నమ్ముతారని చెప్పాడు. అప్పటికి 400 ఏళ్ళకు పైగా ముందే మైమోనిడీస్ ఆ నమ్మకాన్ని తప్పని తేల్చేశాడు. ఒంటి మీద బట్ట లేకపోవడానికి కూడా తన పాత చదువులోంచే సాక్ష్యం తెచ్చుకున్నాడు: యెషయా ప్రవక్త దిగంబరంగా తిరగలేదా అని. యెషయా గ్రంథం 20వ అధ్యాయంలో ఆ ముచ్చట నిజంగానే ఉంది లెండి! గురువుకు పట్టా లేదు, శిష్యుడికి పుట్టుక లేదు, పాఠంలో కొంత సొంత పైత్యం. అయినా మూలం దగ్గరికొచ్చేసరికి మాటకు మాట సరిచూసుకున్నారు. నా దృష్టిలో అది చదువే.

పుట్టుకతో వచ్చే విద్యను పెద్దయ్యాక, బయటినుంచి వచ్చి నేర్చుకోవడం అనే విషయానికి లోకంలో పేరున్న ఉదాహరణ ఫ్రాంక్‌ఫర్ట్. 1920లో ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ అక్కడ వయోజనుల కోసం 'లేర్‌హౌస్' తెరిచాడు. హీబ్రూ మరిచిపోయిన జర్మన్ యూదులు ఆఫీసు పని అయ్యాక వచ్చి కూర్చునేవారు. ఇకమీదట తోరా నుంచి లోకానికి కాదు, లోకం నుంచి తోరాకు రావాలి అన్నది అతని పద్ధతి. అందుకే బైబిలు చెప్పేవాళ్ళలో ఎడ్వర్డ్ స్ట్రాస్ అనే కెమిస్టు ఉన్నాడు. రిచర్డ్ కోహ్ అనే డాక్టరూ పాఠం చెప్పాడు. బూబర్, షోలెం సరేసరి. మన బొల్లారంలోనో గడ్డపోతారంలోనో రియాక్టరు దగ్గర షిఫ్టు ముగించుకుని ఒక కెమిస్టు సాయంత్రం భాగవతం చెప్పడానికి కూర్చున్నట్టు ఊహించుకోండి. 1920ల నడుమ అది మూతపడింది. హిట్లర్ వచ్చాక 1933లో బూబర్ మళ్ళీ తెరిచాడు, 1938 దాకా నడిచింది. వెళ్ళగొట్టబడుతున్నవాళ్ళకు అప్పుడది ఊపిరి.

తెలుగునేల మీద రెండో పాఠశాల గుంటూరు జిల్లాలో ఉంది. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని పదుల మాదిగ కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రపు యూదులమని, బెనె ఎఫ్రాయిములమని చెప్పుకుంటాయి. 1991లో అక్కడ సినగాగు వెలిసింది. షమ్యూల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ముందు నడిచారు. అంతకుముందు వాళ్ళది బాప్టిస్టు కుటుంబమే. ఆ ప్రాంతానికి బాప్టిస్టు మిషన్ అంటే ఏమిటో తెలియాలంటే ఒక్క లెక్క చాలు: 1878 జులై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలే. అక్షరం దగ్గరికి రానివ్వని ఊళ్ళలో వాళ్ళ చేతికి పాత నిబంధన తెలుగులో వచ్చింది. వంద ఏళ్ళు చదివాక అందులో కొందరు, ఇది మా కథేనన్నారు.

అక్కడ హీబ్రూ అక్షరాలు నేర్చుకునేది పొద్దంతా పొలం పనికి పోయివచ్చే కూలీలు. ప్రార్థనలు తెలుగులోనూ హీబ్రూలోనూ. అమెరికా నుంచి కులాను అనే సంస్థ తరఫున వచ్చినవాళ్ళు కొన్నాళ్ళు ఉండి పండుగలు, ప్రార్థనలు నేర్పి వెళ్ళారు. యూలియా ఈగరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వాళ్ళ మధ్య ఉండి రాసిన పుస్తకం 2013లో ఆక్స్‌ఫర్డ్ వేసింది. దళితులు తమ చరిత్రను తామే చెప్పుకోవడంలో భాగంగా వాళ్ళు దీన్ని చూశారు. ఆ చూపు సరైనదనే నాకనిపిస్తుంది. గొడ్డుమాంసం తినడం, చచ్చినవాళ్ళను పూడ్చడం ఊరి దృష్టిలో అంటరానితనానికి గుర్తులు. వీళ్ళ చదువులో అవే పూర్వీకుల ఆచారపు ఆనవాళ్ళయ్యాయి.

ఒక తేడా మాత్రం నన్ను వదలదు. అభయ్‌చంద్‌ను నువ్వెవరివని ఎవరూ అడగలేదు. అతనికి తోరా ఒక పుస్తకం, దాన్ని చదివాడు, అంతే. కొత్తరెడ్డిపాలెం వాళ్ళ ప్రతి పాఠమూ ఒక పరీక్షే. చదవకపోతే యూదులెలా అవుతారంటారు. చదివితే, ఈమధ్య నేర్చుకున్నదేగా అంటారు. ఈశాన్యంలోని బెనె మెనషె వాళ్ళను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒకరు యూదు సంతతిగా ఒప్పుకున్నారు. అయినా అక్కడికి వెళ్ళాక పద్ధతి ప్రకారం మతంలో చేరవలసే వచ్చింది. బెనె ఎఫ్రాయిములకు ఆ గుర్తింపు కూడా రాలేదు.

పైగా శనివారం ఒకటుంది. యూదు విశ్రాంతి దినం నాడు పని చెయ్యకూడదన్నది మొట్టమొదటి పాఠాల్లో ఒకటి. కూలి పనికి శనివారం సెలవు లేదు. ఆ రోజు పొలానికి పోకపోతే ఆ రోజు కూలీ రాదు.